తుపాకులు పట్టుకున్నారు సరే, పట్టుకునే పద్ధతి?

సంపాదకులకు,

నమస్కారం. మన్యంలో పోలీసులు నాటు తుపాకులు స్వాధీనం చేసుకున్న వార్త మీ జిల్లా పేజీలో వచ్చి వారం పైనే అయింది. ఆ ఫొటో గురించి ఎవరైనా ఒక ముక్క రాస్తారేమోనని చూశాను. ఎవరికీ పట్టినట్లు లేదు.

మీ దగ్గర ఆ సంచిక ఉంటే ఒకసారి తీసి చూడండి. తుపాకులను బల్ల మీద వరుసగా పేర్చారు. వాటి మూతులన్నీ వెనక కుర్చీల్లో కూర్చున్న అధికారుల పొట్టలకు గురిపెట్టి ఉన్నాయి. పక్కనే నిలబడ్డ కుర్రాడు ఒక తుపాకిని నేల మీద నిలబెట్టి, గొట్టం మూతి మీద అరచెయ్యి ఆనించి నవ్వుతున్నాడు. అందులో మందు కూరి లేదని అతనికి ఎవరు చెప్పారు? పైగా వార్తలో ‘తుపాకులతో పాటు తూటాలు’ దొరికాయని రాశారు. ఇవి మూతి వైపు నుంచి మందు పోసే తుపాకులు. గొట్టంలో మందు పోసి, పైన పీచో గుడ్డ పీలికో కుక్కి, సీసపు గుండ్లు వేసి ఇనుప చువ్వతో దట్టిస్తారు. వెనక టోపీ, అంటే దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న లోహపు మూత, తొడుగుతారు. సుత్తి దాని మీద పడితే నిప్పు లోపలికి వెళ్లి మందు అంటుకుంటుంది. మందూ గుండూ ఒకే తొడుగులో ఉండే తూటాకు ఇందులో చోటెక్కడ? మీ విలేకరి ఏ తూటాలు చూశారో ఆయనకే తెలియాలి. ఒకప్పుడు మీ పత్రికలో అచ్చుతప్పు పడితే మర్నాడు సవరణ వేసేవారు.

టోపీ తీసేస్తే తుపాకి ఖాళీ అయిపోయిందనుకునేవారు చాలామంది ఉన్నారు. మందూ గుండ్లూ లోపలే ఉంటాయి. మడిచి చూడటానికి ఇది తూటాల తుపాకి కాదు. గొట్టంలోకి చువ్వ దించి, ఎంతవరకు దిగిందో గుర్తు పెట్టుకుని, బయట గొట్టం పక్కన ఆనించి కొలిచి చూడాలి. అడుగుదాకా దిగకపోతే లోపల ఏదో కూరి ఉన్నట్టే. పెదవాల్తేరులో మా మిత్రుడి ఇంట్లో తాతగారి నాటి తుపాకి హాలు గోడకు అలంకారంగా వేలాడేది. ఒకరోజు చువ్వ దించితే అడుగుకు జానెడు పైనే ఆగిపోయింది. దాని కిందే సోఫా, మనవలు ఆడుకునే చోటు. తడి తగలని మందు ఏళ్లు గడిచినా పేలుతుంది. కాబట్టి ఇది ఏజెన్సీ గొడవ, మనకెందుకని నగరవాసులు నిశ్చింతగా ఉండనక్కరలేదు.

ఇక మన్యంలో పరిస్థితి వేరు. నీళ్ల పైపును గొట్టంగా బిగించి, సైకిలు బేరింగు గుండ్లు పోసి, కొలత లేకుండా గుప్పిట్లో మందు తీసుకుంటే ఆ గొట్టం ఎటు చీలుతుందో చెప్పడం కష్టం. కూరిన తుపాకిని పొయ్యి పైన దూలానికి తగిలించి ఉంచేవారున్నారు. మీట నొక్కినా పేలకపోతే వెంటనే మూతిలోకి తొంగిచూసేవారున్నారు. కనీసం ఒక నిమిషమైనా మూతిని మనుషులు లేని వైపు ఉంచి ఆగాలని, డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి మందు ఒంపకూడదని, కూరేటప్పుడు ముఖం మూతికి అడ్డంగా రాకూడదని వారికి ఎవరు చెప్పారు? తుపాకి పేలి ఎవరో పోయాక కేసు పెట్టడానికి మాత్రం జీపు వెళుతుంది.

చట్టం లేదని కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో నిజంగా పంట రక్షణ కోసం మూతి నుంచి కూరే తుపాకి అడిగితే లైసెన్సు ఇవ్వాలనే ఉంది. 2016 నిబంధనలు లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణ తప్పనిసరి చేశాయి. ఆ శిక్షణ కొండ మీది రైతుకు ఎక్కడ ఇస్తున్నారో అధికారులు చెబితే విని సంతోషిస్తాను. లైసెన్సు లేకుండా దొరికితే మాత్రం రెండేళ్ల నుంచి అయిదేళ్ల వరకు జైలు. 2019 సవరణలో శిక్ష పెంచడానికి తీరిక దొరికింది. పోనీ లైసెన్సు వచ్చిందే అనుకుందాం. చోడి (రాగి) చేనంతా తవ్విపోసిన అడవిపందిని కొట్టాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ రాతపూర్వక అనుమతి కావాలి. ఒక శాఖ తుపాకి ఇస్తానంటుంది, ఇంకో శాఖ పేల్చవద్దంటుంది, పంది మాత్రం ఎవరి అనుమతీ అడగదు.

2022లో విశాఖ జిల్లాను మూడు ముక్కలు చేసినప్పుడు కార్యాలయాలు ప్రజలకు దగ్గరవుతాయన్నారు. బోర్డులు మాత్రం కొత్తవి వచ్చాయి. తుపాకులు అప్పగించండని ఊరూరా చాటింపు వేయించేవారు, అదే సంతలో ఒక గంట సేపు చువ్వ ఎలా దించాలో, మందు డబ్బా పొయ్యికి ఎంత దూరంలో ఉంచాలో చూపిస్తే ఖజానాకు ఒక్క రూపాయి అదనపు ఖర్చు ఉండదు. ఫొటో రాదు, అదొక్కటే లోటు.

ఈ సంగతే వివరంగా రాసి పోయిన నెలలో ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. నాతో ఎవరూ మాట్లాడలేదు, ఫోనైనా చేయలేదు. నిన్న సందేశం వచ్చింది, నా సమస్య సంతృప్తికరంగా పరిష్కారమైందట.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం