‘కంటికి కన్ను’ అంటే నష్టపరిహారం

సంపాదకుడు గారికి,

యాసిడ్ దాడుల మీద మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. ఎక్కువ మంది అంటున్నది ఒకటే: వాడి ముఖం మీద కూడా యాసిడ్ పోయాలి, కంటికి కన్ను, పంటికి పన్ను. యూదుల ధర్మశాస్త్రమే అలా చెప్పిందని ఒకరు సాక్ష్యం కూడా చూపించారు. ఆయన కోపంతో నాకు పేచీ లేదు. సాక్ష్యం మాత్రం సగమే చెప్పారు. ఆ వాక్యం బైబిల్‌లోని నిర్గమకాండం 21వ అధ్యాయంలో ఉంది, లేవీయకాండంలో, ద్వితీయోపదేశకాండంలో కూడా ఉంది. కానీ ఆ గ్రంథాన్నే తమ చట్టంగా చూసుకున్న రబ్బీలు, అంటే యూదు ధర్మశాస్త్ర పండితులు, దానికి తేల్చిన అర్థం కన్ను పీకమని కాదు, డబ్బు కట్టమని.

ఉన్న వాక్యాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పేశారని అనుకోనక్కర్లేదు. ఆ రబ్బీల చర్చలను కూర్చిన తాల్మూద్ అనే గ్రంథంలో, బావా కమ్మా అనే భాగంలో దీని మీద పెద్ద వాదోపవాదమే నడుస్తుంది. కోర్టుల్లో తిరిగినవాళ్లకు అది చదువుతుంటే పరాయి చోటులా అనిపించదు. లేవీయకాండం 24లో పశువును చంపినవాడు నష్టం కట్టాలన్న మాట, మనిషిని గాయపరిచినవాడి మాట పక్కపక్కనే ఉన్నాయి. ఊరికే పక్కన పెట్టి ఉండరు కదా, పశువుకు డబ్బు కడితే గాయానికీ డబ్బే అని ఒక వాదన. సంఖ్యాకాండం 35లో హంతకుడి ప్రాణానికి బదులు సొమ్ము తీసుకోవద్దని ఉంది. ప్రాణానికి వద్దని ప్రత్యేకించి చెప్పారంటే, తిరిగి మొలవని అవయవాలకు తీసుకోవచ్చనే కదా అని ఇంకో వాదన.

రబ్బీ షిమోన్ బర్ యోహై అడిగిన ప్రశ్న మరీ సూటిగా ఉంటుంది. గుడ్డివాడు ఇంకొకడి కన్ను పొడిస్తే ఏం పీకుతారు? చట్టం అందరికీ ఒకటేనని ఆ లేవీయకాండం 24లోనే ఉందే! ఒకడి కన్ను పెద్దది, ఇంకొకడిది చిన్నది అయితే సమానం ఎలా అవుతుందని మరొకరు అడిగారు. కన్ను తీస్తుంటే వాడి ప్రాణం పోతే ఎలా, కంటికి కన్నూ ప్రాణమూ అని రాసి లేదు కదా అని ఇంకొకరు. అలాగని తాల్మూద్ వీటిని వెంటనే ఒప్పేసుకోదు. కుదిరిన చోట అమలు చేస్తాం, గుడ్డివాడి విషయంలో కుదరకపోతే వదిలేస్తాం, ఏమైంది అని ఎదురు ప్రశ్న వేస్తుంది.

ఇలా చదవడానికి వాళ్లకు కట్టుదిట్టమైన సూత్రాలున్నాయి. రబ్బీ ఇష్మాయేల్ పేరు మీద ఉన్న 13 సూత్రాలను ఇప్పటికీ ఉదయం ప్రార్థనలో చదువుతారు. మొదటిది మన శాస్త్రాల్లోని కైముతిక న్యాయం లాంటిదే: చిన్నదానికే వర్తిస్తే పెద్దదానికి వేరే చెప్పాలా అని. దీనికి మళ్లీ ఒక పగ్గం ఉంది. కేవలం ఈ తర్కం లాగి ఎవరికీ శిక్ష వేయకూడదు, శిక్ష గ్రంథంలో విడిగా ఉండి తీరాలి. రెండు చోట్ల ఒకే పదం వస్తే ఒకచోటి నియమాన్ని రెండోచోటికి తెచ్చే పద్ధతీ ఉంది. అది కూడా గురువు దగ్గర విన్నదైతేనే చెల్లుతుంది, సొంతంగా కల్పించడానికి లేదు.

ఇంతకీ ఎంత కట్టాలి? తాల్మూద్‌కు మూలమైన, క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే చట్ట సంకలనంలో అయిదు పద్దులున్నాయి: అవయవ నష్టం, నొప్పి, వైద్యం, పని పోయిన రోజుల కూలి, అవమానం. మన మోటారు ప్రమాద క్లెయిముల్లో వాదించినవాళ్లకు ఇందులో చివరిదొక్కటే కొత్త. చెయ్యి పోయినవాడి కూలిని దోసతోట కాపలాదారుడి లెక్కన కట్టమంటారు. పిసినారితనం అనిపిస్తుంది గానీ, చెయ్యి విలువ అప్పటికే కట్టించారు కాబట్టి ఒకే నష్టానికి రెండుసార్లు లెక్క పడకూడదని.

అవమానం పద్దు కింద ఒక కేసు చెబుతారు. బజారులో ఒకడు ఒకావిడ తల మీది ముసుగు లాగేశాడు. రబ్బీ అకీవా 400 జూజులు (అప్పటి వెండి నాణేలు) కట్టమన్నారు. వాడు గడువు అడిగి, ఆమె గుమ్మం ముందు కాస్త నూనె ఉన్న కూజా పగలగొట్టాడు. ఆమె తనే ముసుగు తీసి ఆ నూనె ఎత్తి తలకు రాసుకుంది. వాడు సాక్షుల్ని తెచ్చి, ఇలాంటిదానికా నేను 400 కట్టేది అన్నాడు. నువ్వు చెప్పిందాంట్లో ఏమీ లేదు, తనకు తాను హాని చేసుకున్నా చేసుకోకపోయినా ఇంకొకరు చేస్తే కట్టాల్సిందే అన్నారు అకీవా. ‘ఆవిడే అలాంటిది’ అనే వాదన ఈరోజు కోర్టుల్లోనూ వింటున్నాం కదా.

యూదులందరూ ఎప్పుడూ ఇలాగే చదివారని నేను అనను. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్, గాయపడినవాడు డబ్బుకు ఒప్పుకోకపోతే అవయవానికి అవయవమేనని రాశాడు. రబ్బీ ఎలియేజర్ కూడా ‘అక్షరాలా’ అన్నట్టు తాల్మూద్‌లోనే ఉంది. నిలిచింది మాత్రం డబ్బు తీర్పే.

మన చట్టంలోనూ ఆ పద్దులు లేకపోలేదు. భారతీయ న్యాయ సంహిత 124వ సెక్షన్ కింద యాసిడ్ దాడికి వేసే జరిమానా వైద్యానికి సరిపడేలా ఉండాలి, బాధితులకే చెల్లించాలి. 2013లో సుప్రీంకోర్టు, ప్రభుత్వాలు కనీసం 3 లక్షలు ఇవ్వాలనీ, అందులో లక్ష 15 రోజుల్లోనే అందాలనీ చెప్పింది. దయచేసి ఇలాంటి కేసు వార్త వేసేటప్పుడు నిందితుణ్ని ఏం చేయాలన్న డిమాండ్లతో పాటు, ఆ లక్ష అందిందో లేదో కూడా మీ విలేకరుల చేత అడిగించి రాయించండి.

— ఒక విశ్రాంత న్యాయవాది, ఒంగోలు