వివక్షను మాన్పే బాధ్యత సంఘకాపరులది

సంపాదకులకు నమస్కారం.

1936లో ఒడిశాలో చేరిన మా పర్లాకిమిడి ప్రాంతంలో తెలుగు, ఒడియా, సవర గిరిజన కుటుంబాలు కలిసి ఆరాధించే చర్చిలలో సైతం, పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి జాతి, కులం, భాష అడ్డు నిలుస్తున్నాయి. ఆదివారం ప్రసంగంతోనే ఇది మారిపోదు. బైబిలులోని అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను అనుదిన పరిచర్యలో (రోజువారీ ఆహార పంపిణీలో) చిన్నచూపు చూస్తున్నారన్న సణుగుడును అపొస్తలులు కొట్టిపారేయక, విశ్వాసులందరినీ పిలిపించి ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే కావడం, అంటే నొచ్చుకున్నవారి వర్గానికే బాధ్యత అప్పగించినట్టు కనిపించడం, ఎంతో గమనించదగ్గది. మన సంఘకాపరులు (పాస్టర్లు) కూడా, ముఖ్యంగా వివాహానికి ముందు చేసే కౌన్సెలింగ్‌లో, అవమానపడినవారి గోడును వారి భాషలోనే ఏకాంతంగా వినాలి. వారినే ముందు క్షమించమనడం అన్యాయం. అవమానించినవారి చేత తప్పు ఒప్పించి, అంతటితో ఆగక, సంఘ పెద్దల కమిటీలో సవరలకు చోటు కల్పించాలని వేడుకుంటున్నాను.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా