సూది గుచ్చుకున్న రాత్రి నాకు తోడు నిలిచిన వాళ్లకు

నా ఆఖరి రక్తపరీక్ష రిపోర్టు మొన్న చేతికొచ్చింది. అన్నీ నెగెటివ్. ఈ రిపోర్టు వచ్చాకే రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. నాకు సాయం చేసిన వాళ్లలో చాలామందికి ఆ రోజు సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేకపోయాను. వాళ్లు దాని కోసం ఎదురుచూసే మనుషులు కారు. ఒక డ్యూటీ అయితే ఇంకో డ్యూటీ. అందుకే అందరి ముందూ చెప్పుకుంటున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు, కొందరు వద్దన్నారు. చదివితే ఎవరి సంగతో వాళ్లకు తెలుస్తుంది.

గాజువాక వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఆ రోజు నైట్ డ్యూటీ. షుగర్ బాగా పడిపోయి, పిలిస్తే పలకని స్థితిలో ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. వెంటనే నరానికి లైన్ పెట్టి డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, ఎక్కించాలి. కాన్యులా (నరంలో ఉంచే సన్న గొట్టం) లోపలికి వెళ్లింది, సూది బయటికి తీస్తున్నాను, ఆయన చెయ్యి ఒక్కసారిగా విదిలించారు. షుగర్ పడిపోయిన వాళ్లు అలా కొట్టుకుంటారు, తెలిసి చేసేది కాదు. సూది గ్లవ్ దాటి నా ఎడమచేతి బొటనవేలిలో దిగింది. పక్కనున్న సిస్టర్ ఆయన చెయ్యి పట్టుకుని మిగతా పని అందుకుంది. గ్లవ్ తీసి చూస్తే లోపల రక్తం.

ముందుగా మా ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పాలి. నీడిల్ ప్రిక్ అయిందంటే మా వృత్తిలో మొదట వినిపించే మాట ‘చూసుకోవద్దా?’ అని. ఆమె ఆ మాట అనలేదు. ‘ఎంతసేపయింది? కడిగావా?’ అని మాత్రమే అడిగారు. నన్ను సింక్ దగ్గరికి నడిపించి, కుళాయి కింద వేలు పెట్టించి, సబ్బుతో తనే కడిగారు. నేను కంగారులో వేలు పిండబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, డెట్టాల్, స్పిరిట్ లాంటివి పొయ్యకూడదు. ఇవన్నీ నర్సింగ్‌లో చదివినవే, పరీక్షల్లో రాసినవే. మన వేలికే జరిగినప్పుడు ఒక్కటీ గుర్తురాదు. గోడగడియారం చూసి టైము ఒక కాగితం మీద రాసుకున్నారు, అప్పుడే ఇన్సిడెంట్ రిపోర్టు కూడా నింపించారు.

ఆ కాసేపట్లో ఆమె నన్ను తిట్టి ఉంటే ‘చిన్న గీతే, ఏం కాలేదు’ అని నేను పక్కకు తప్పుకుని ఉండేదాన్ని. చాలామంది అలాగే చేస్తారు. ఉద్యోగం పోతుందనో, పెళ్లి కావాల్సిన పిల్ల కాబట్టి నలుగురికీ తెలిస్తే బాగుండదనో దాచేసుకుంటారు. ఆ దాపరికంలోనే విలువైన గంటలు పోతాయి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే పెప్ మందు వీలైతే 2 గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. నాకు ఆ మందు సకాలంలో అందిందంటే ఆవిడ అడిగిన ఆ రెండు ప్రశ్నల వల్లే.

ఆ రాత్రి మా దగ్గర ఆ మాత్రలు స్టాక్ లేవు. సిస్టర్ ఫోన్ మీద ఫోన్ చేసి మా ఇద్దరి బదులు డ్యూటీకి మనుషులను చూసి, నాతో పాటు బయల్దేరారు. ఆసుపత్రి గేటు దగ్గరున్న ఆటో అన్నయ్య మా మొహాలు చూసి ‘ఏటయిందమ్మా?’ అన్నాడు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అనగానే ఇంకేమీ అడగలేదు. పోర్టు రోడ్డులో లారీల మధ్య నుంచి, కాన్వెంట్ జంక్షన్ మీదుగా, ఒక్క చోట కూడా ఆపకుండా తీసుకెళ్లాడు. తిరిగి ఎలా వెళ్తారని మా కోసం బయటే ఉండిపోయాడు. వెయిటింగ్ డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. ‘మా అమ్మను చూసింది మీలాంటి సిస్టరమ్మలే’ అన్నాడు. అన్నయ్యా, ఇది నీ దాకా వస్తుందో రాదో తెలియదు, నీకు రుణపడి ఉంటాను.

1923 నుంచి ఉత్తరాంధ్ర మొత్తానికీ పెద్దాసుపత్రి కేజీహెచ్. 2020 మే 7న వెంకటాపురంలో గ్యాస్ లీకైనప్పుడు జనాన్ని మోసుకుంటూ వచ్చింది ఇక్కడికే. ఆ రాత్రి క్యాజువాలిటీ కూడా ఎప్పట్లాగే నిండుగా ఉంది. ఆ రద్దీలోనూ డ్యూటీ డాక్టరు, చిన్న కుర్రాడే, నన్ను పక్కన కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. హెచ్‌ఐవీ ఉన్న మనిషి రక్తం సూదితో గుచ్చుకున్నా, వచ్చే అవకాశం వెయ్యికి మూడు, అంటే 0.3 శాతం. ఓపీ చీటీ వెనక 1000 అని రాసి, దాని కింద 3 రాసి, ‘మేడమ్, ఈ మాత్ర వేసుకుంటే ఈ మూడు కూడా బాగా తగ్గిపోతుంది’ అంటూ ఆ అంకెను కొట్టేశాడు. ఆ చీటీ నా దగ్గర ఇంకా ఉంది.

మాత్ర ఒకటే, అందులో మూడు మందులు: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. రోజుకొకటి, 28 రోజులు మానకుండా వేసుకోవాలి. మాత్ర ఇచ్చిన స్టాఫ్ నర్సు నా వైపు చూసి ‘తిన్నావా అమ్మా?’ అని అడిగారు. తినలేదన్నాను. తన బ్యాగులోంచి క్యారేజీ తీసి, మూత మీద సగం చపాతీలు, కాస్త బంగాళాదుంప కూర పెట్టి నా చేతికిచ్చారు. నేను తింటున్నంతసేపూ ఆవిడ ఇద్దరు పేషెంట్లను చూసి వచ్చారు. ఆవిడకూ అది రాత్రి భోజనమే. పదేళ్లుగా నేను ఇతరులను ‘తిన్నారా?’ అని అడిగిన దాన్ని. డ్యూటీలో ఉండగా నన్ను ఒకరు అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

మర్నాడు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరులో కౌన్సిలర్ మేడమ్ మా వారిని కూడా పిలిపించి, దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడారు. పరీక్షలు పూర్తయ్యే దాకా ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలో, మా పాపకు నా వల్ల ఏ ఇబ్బందీ ఎందుకు రాదో విడమరిచి చెప్పారు. ముద్దు పెట్టుకోవచ్చు, ఒకే కంచంలో తినిపించొచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు. నాకు తెలియక కాదు. తెలిసి కూడా భయపడుతున్నదాన్ని. ఆ మాటలు ఇంకొకరి నోటి నుంచి వినడమే కావలసి వచ్చింది. తర్వాత 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు పరీక్షలు. నేను వెళ్లిన ప్రతిసారీ ల్యాబ్‌లో తమ్ముడు నా పేరు గట్టిగా పిలవకుండా, దగ్గరికి వచ్చి చెప్పేవాడు. చిన్న విషయంలా కనిపిస్తుంది, అక్కడ వరుసలో కూర్చున్న వాళ్లకు తెలుస్తుంది దాని విలువ.

ఆ పెద్దాయనకు కూడా నమస్కారం. స్పృహ వచ్చాక డాక్టరుగారు విషయం చెప్పి, రక్తపరీక్షకు ఒప్పుకుంటారా అని అడిగితే వెంటనే సంతకం పెట్టారట. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆయన ఒప్పుకోకపోతే ఎవరూ బలవంతం చేయలేరు. ఆయన రిపోర్టులో ఏముందో ఇక్కడ రాయను, అది ఆయన సొంత విషయం. డిశ్చార్జి అయ్యేటప్పుడు నా వేలు పట్టుకుని చూసి, ‘నా వల్లేనా తల్లీ’ అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మీ వల్ల కాదు తాతగారూ. అప్పుడూ అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెప్తున్నాను.

మందు వాడిన రోజులు కష్టంగానే గడిచాయి. కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం. మా అత్త పొద్దున్నే చోడి అంబలి కాచి, నేను తాగే దాకా ఎదురుగా కూర్చునేది. వీధిలో వాళ్లు అడిగితే ‘కోడలికి నైట్ డ్యూటీలు ఎక్కువయ్యాయి’ అని చెప్పి ఊరుకుంది. ఇంట్లో ఇంత ధైర్యం దొరకని నర్సులు ఎంతమందో నాకు తెలుసు. అత్తా, నువ్వు ఫోను చూడవు కాబట్టి సాయంత్రం నేనే చదివి వినిపిస్తాను.

పగలు పనిలో పడి గడిచిపోయేది, టెన్షనంతా రాత్రి పూటే. ఒక రాత్రి భరించలేక 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ నంబరు మా వార్డులో పేషెంట్ల బంధువులకు నేను చాలాసార్లు రాసిచ్చాను. నేనే చేస్తానని అనుకోలేదు. అవతల మాట్లాడిన అమ్మాయి నన్ను తొందరపెట్టలేదు. నేను నర్సునని చెబితే ‘మీకు అన్నీ తెలుసు కదా’ అని కూడా అనలేదు. ఎవరి భయమైనా భయమే అన్నట్టు విన్నది. ఆమె ఎవరో, ఏ ఊరి నుంచి మాట్లాడిందో తెలియదు. ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక నిద్రపోయాను.

మా వార్డు సిస్టర్లు నన్ను అడక్కుండానే నా నైట్లు పంచుకున్నారు. డ్యూటీ చార్టులో నా పేరు దగ్గర వాళ్ల పేర్లు రాసుకుపోయారు. వాళ్లలో ఒకామెకు అప్పుడు ఇంట్లో చంటిబిడ్డ.

మా మేనేజ్‌మెంటుకు కూడా కృతజ్ఞతలు. జరిగినదాన్ని నా మీదకు నెట్టలేదు, పరీక్షల రోజుల్లో సెలవు జీతంతోనే ఇచ్చారు. ఇప్పుడు ప్రతి బెడ్ పక్కనా సూదులు వేసే తెల్ల డబ్బా ఉంటోంది, ఇదివరకు వార్డుకొకటే ఉండేది. పెప్ మాత్రల స్టాక్ క్యాజువాలిటీలో పెట్టారు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అందరికీ పడ్డాయో లేదో చూసి, టీకా రక్షణ రక్తంలో ఎంత ఉందో చెప్పే టైటర్ పరీక్ష చేయిస్తున్నారు. 10 దాటితే రక్షణ ఉన్నట్టు. నాకు ఉంది. హౌస్ కీపింగ్ అక్కలలో కొందరికి ఒక్క డోసు కూడా పడలేదని అప్పుడే బయటపడింది. చెత్త సంచుల్లోంచి సూదులు గుచ్చుకునేది ఎక్కువగా వాళ్లకే. వాళ్లకిప్పుడు టీకాలు వేస్తున్నారు. నాకు ఇది అన్నింటికంటే సంతోషం కలిగించిన విషయం.

విశాఖలో ఏ ఆసుపత్రిలో చేస్తున్న సిస్టరైనా, ల్యాబ్ తమ్ముడైనా, వార్డు అక్కయినా, ఇలాంటిది జరిగితే ముందు సబ్బుతో కడిగి, టైము రాసుకుని, నాకొక మెసేజ్ పెట్టండి. నైట్ అయినా పర్వాలేదు. కేజీహెచ్‌లో ఎక్కడికి వెళ్లాలో నాకు తెలుసు, నేను వస్తాను.