సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: బధిర సభ్యులకూ అందే సంఘం కోసం

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, వీధి దీపాలు, పార్కు గోడ పనుల వివరాలు, జమాఖర్చుల లెక్క విడి కాగితాల్లో ఇచ్చాం. ఈ నివేదిక అంతా ఈ ఏడాది కొత్తగా తలకెత్తుకున్న ఒక్క పని గురించే.

గత మే నెలలో మంచినీళ్ల పైపు పగిలింది. రెండు రోజులు నీళ్లు రావని ఆటోకు మైకు కట్టి చెప్పించాం. అందరూ బిందెలు, డ్రమ్ములు నింపుకున్నారు. రెండో వీధిలో భార్యాభర్తలిద్దరూ బధిరులైన ఇంట్లో మాత్రం చుక్క నీళ్లు లేవు. మర్నాడు ఆ అన్న మా ఇంటికి వచ్చి ఫోన్‌లో టైప్ చేసి చూపించారు. తొమ్మిదేళ్లుగా చందా కడుతున్నామనీ, మీటింగుల్లో ఏం మాట్లాడుకుంటారో ఒక్కసారి కూడా తమకు తెలియలేదనీ రాశారు. కార్యదర్శిగా నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆరా తీస్తే అలాంటి ఇళ్లు కాలనీలో ఇంకో మూడు ఉన్నాయి.

జూన్ సమావేశంలో తీర్మానం చేశాం: ఏ కబురైనా ముందు రాతలో, తర్వాతే మైకులో. వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్‌లు పెట్టకూడదన్నాం. తెలుగులో టైప్ చేయడం రాదని చాలామంది ఇబ్బంది పడ్డారు. ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే తెలుగులో రాసిపెడుతుందని మన పిల్లలు ఇంటింటికీ వెళ్లి చూపించారు. ఆ పిల్లలకు సంఘం రుణపడి ఉంది.

వినాయక చవితి మండపంలో లడ్డూ వేలం పాట ఈసారి పెద్ద బోర్డు మీద జరిగింది. పాట పెరిగిన ప్రతిసారీ అంకె రాశాం. ఆ దంపతులు మొదటిసారి వేలంలో చెయ్యెత్తారు. లడ్డూ వాళ్లకు దక్కలేదు గానీ, చివరిదాకా పోటీలో నిలబడ్డారు.

సెప్టెంబర్ 23 అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినం. 1951లో అదే రోజున ప్రపంచ బధిరుల సమాఖ్య ఏర్పడింది. ఆ వారం చివర, 29వ తేదీ ఆదివారం, హాలులో అవగాహన సభ పెట్టాం. ఉపన్యాసాలు వద్దనుకున్నాం. ఆ అన్న భార్యే సభ నడిపారు, దుబాసీ ఆమె సైగలను మాటల్లో చెప్పారు. ఆమె పాట, బాట, మాట అనే మూడు మాటలు చీటీల మీద రాసి మాలో ఒకరికిచ్చి, గొంతు లేకుండా పెదాలతో పలకమన్నారు. ఎవరూ పోల్చుకోలేకపోయారు. ప, బ, మ పెదాల మీద ఒకేలా ఉంటాయి మరి. పెదాలు చూసి అంతా అర్థం చేసుకుంటారులే అన్న మన భ్రమ అక్కడ పోయింది.

ఆ సభలోనే మా వల్ల ఒక తప్పు జరిగింది. దుబాసీని కిటికీ ముందు నిలబెట్టాం. వెనక వెలుతురుకు ఆయన ముఖం నల్లగా కనిపించింది. సైగల్లో సగం అర్థం ముఖంలోనే ఉంటుంది. పావుగంట తర్వాత గానీ మాకు తెలియలేదు. ఆ తర్వాత కరెంటు కూడా పోయింది. మనకు ఫ్యాను ఆగింది, వాళ్లకు మాటే ఆగిపోయింది. హాలుకు ఇన్వర్టర్ కొనాలని పట్టుబట్టింది అందుకే.

అక్టోబర్ నుంచి ఆదివారాల్లో ఆ దంపతులే సంజ్ఞా భాష నేర్పుతున్నారు. క్రియ చివర రావడం మన తెలుగు లాగే ఉండడంతో చాలామందికి తేలిగ్గా పట్టుబడింది. ఇంటి దగ్గర సాధనకు ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం తయారుచేసిన వీడియో నిఘంటువు బాగా పనికొస్తోంది. 2021 నాటికే అందులో 10,000 మాటలున్నాయి. మొదట హాలు నిండింది. సంక్రాంతి సెలవుల తర్వాత మాత్రం సగం మంది రాలేదు. వాచ్‌మన్, కిరాణా కొట్టు అమ్మాయి ఒక్క వారం కూడా మానలేదు. రోజూ బధిర సభ్యులతో మాట్లాడాల్సింది వీళ్లిద్దరే కాబట్టి నాకది పెద్ద సంతోషం.

మేం అనుకోని మేలు ఇంకొకటి జరిగింది. మీటింగులో మాట్లాడేవన్నీ తెర మీద టైప్ చేయడం మొదలుపెట్టాక, చాలాకాలంగా రాని పెద్దవాళ్లు మళ్లీ వస్తున్నారు. వినికిడి తగ్గిందని చెప్పుకోవడానికి మొహమాటపడి ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉండిపోయారట.

మాటల గురించి ఒక మనవి. మా మొదటి కరపత్రంలో ‘మూగ చెవిటివారు’ అని వేశాం. తమకు మాట ఉందని, అది చేతుల్లో ఉందని సభ నడిపిన ఆ అమ్మ చెప్పారు. కరపత్రం మార్చి వేయించాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత కూడా మన మీటింగుల్లో తరచూ వినిపించేది. ఇకపై దాన్ని దయచేసి వాడవద్దు.

కాలింగ్ బెల్‌కు లైటు పెట్టించే పని నాలుగు ఇళ్లకు గాను రెండిళ్లలో పూర్తయింది. మిగిలినవి జూన్‌లోగా చేయిస్తాం.

సర్వసభ్య సమావేశానికి దుబాసీ వస్తున్నారు. ముందు రెండు వరుసల కుర్చీలు బధిర సభ్యులకు, వినికిడి తగ్గిన పెద్దలకు వదలండి. ఒకరి తర్వాత ఒకరే మాట్లాడండి, మాట్లాడేముందు చెయ్యెత్తండి.

ఇట్లు,
కార్యదర్శి