పగడాలను లెక్కపెట్టేవాళ్లకు భద్రత ఏది?

సంపాదకులకు నమస్కారం.

మాది శ్రీకాకుళం. అండమాన్‌లో పగడపు దిబ్బల పరిశోధనలో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. సముద్రం అడుగున టేపు పరిచి, దాని కింద ఏముందో ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్‌తో రాసుకోవడం మా పని. నీరు మామూలు వేసవి వేడి కంటే ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం అనే జీవి తనలో ఉంటూ తనకు తిండి పెట్టే నాచును వదిలేసి తెల్లగా పాలిపోతుంది. అప్పటికి చచ్చిపోయినట్టు కాదు, వేడి తగ్గితే కోలుకోవచ్చు. 2010లో ఇక్కడ పెద్దఎత్తున అలా తెల్లబడ్డాయి. కోలుకున్నదేదో, పోయిందేదో తెలియాలంటే ఏటా అదే చోట దిగి చూడాలి. మా ఉద్యోగాలేమో ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే! డైవింగ్ బీమా కూడా సొంత జేబులోంచే. ఈ పనికి శాశ్వత పోస్టులు, బీమా ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక ఫీల్డ్ టెక్నీషియన్, శ్రీవిజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)