బిల్లు ఆగితే పప్పు పలచబడుతుంది: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. సర్కారు బడుల్లో ఆగిపోయిన మధ్యాహ్న భోజనం బిల్లుల గురించి మండల కార్యాలయంలో ఇచ్చిన వినతిపత్రాలు, ప్రజావాణిలో ఇచ్చినవి, ధర్నాల్లో అధికారుల చేతికి అందించినవి అన్నీ ఎక్కడో ఒక ఫైల్లో భద్రంగానే ఉండి ఉంటాయి. రసీదులైతే ఉన్నాయి, జవాబులే లేవు. అందుకే ఈసారి పథకం గొప్పదనం గురించి ఒక్క ముక్క కూడా రాయడం లేదు. అది మీకు మాకంటే బాగా తెలుసు. ఒక చిన్న బడి వంట లెక్క మాత్రం మీ ముందు పెడుతున్నాం. దయచేసి పెన్ను పట్టుకొని చూడండి.

22 మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాల అనుకోండి. 2025 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రకారం వంట ఖర్చుకు సర్కారు కట్టే ధర పూటకు తలకు 6 రూపాయల 78 పైసలు. అంటే రోజుకు 149 రూపాయల 16 పైసలు. బియ్యం సర్కారే ఇస్తుంది, సంతోషం. గుడ్ల పద్దు వేరు. మిగిలిందంతా ఈ 149లోనే రావాలి. నిబంధన ప్రకారం ఒక్కొక్కరికి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. కందిపప్పు కిలో 120 వేసుకుంటే 440 గ్రాములకు 52.80. కూరగాయలు సగటున కిలో 40కే దొరికాయనుకుందాం, కిలో వంద గ్రాములకు 44. నూనె కిలో 140 చొప్పున 110 గ్రాములకు 15.40. సిలిండర్ 900 అనుకొని, అది 25 రోజులు వస్తే రోజుకు 36. మొత్తం 148 రూపాయల 20 పైసలు.

మిగిలింది 96 పైసలు. ఈ 96 పైసల్లో 22 మందికి సరిపడా చింతపండు, ఉప్పు, కారం, పసుపు, ఉల్లిగడ్డ, పోపు గింజలు రావాలి. గిన్నెలు తోమే సబ్బు, పీచు కూడా ఇందులోంచే. ఆ మే నెలలో 6.19 నుంచి 6.78కి పెంచినప్పుడు ఈ బడికి అదనంగా వచ్చింది రోజుకు 12 రూపాయల 98 పైసలు. అదీ రాకపోతే పైన రాసిన లెక్క అప్పులోకి పోయేది, కాబట్టి కృతజ్ఞతలు.

పైగా ఇదంతా డబ్బు ఒకటో తారీఖున చేతికొస్తే చెప్పుకునే లెక్క. అలా ఎప్పుడొచ్చింది? హెడ్మాస్టర్ హాజరు లెక్క పంపాలి, అది మండలం దాటాలి, జిల్లా దాటాలి, ట్రెజరీలో బిల్లుకు టోకెన్, అంటే వరస నంబరు, పడాలి. టోకెన్ పడ్డాక ఇక పడుకుంటుంది. వంట ఖర్చు ఒక పద్దు, గుడ్లు ఒక పద్దు, గౌరవ వేతనం ఇంకో పద్దు, తొమ్మిది పది తరగతులది మళ్లీ వేరే. ఏది వచ్చిందో, ఏ నెలదో వంట చేసే ఆడవాళ్లకు బ్యాంకు పాసుపుస్తకం చూసినా అర్థం కాదు. వాళ్లకిచ్చేదే నెలకు 3,000. అందులో కేంద్రం లెక్కలోని 1,000 మాత్రం 2009లో ఎంతో ఇప్పుడూ అంతే, అదీ పది నెలలకే. అలాంటి మనిషి కిరాణా దుకాణంలో తన పేరు మీద ఉద్దెర పెట్టి సర్కారు పథకాన్ని నడుపుతోంది. రాష్ట్ర ఖజానాకు అప్పిచ్చే స్తోమత ఆమెకుందని మీ ఆర్థిక శాఖ నమ్మకం కాబోలు.

ఉద్దెర పెరిగితే ఏమవుతుందో వరసగా చెబుతాం. దుకాణదారు మొదట ఆపేది పప్పు, నూనె. ఉప్పు, కారం ఇస్తూనే ఉంటాడు. అప్పుడు 440 గ్రాముల పప్పు 300 అవుతుంది, తర్వాత 200. బగోనలో నీళ్లు మాత్రం తగ్గవు, 22 మందికీ అందాలి కదా. పలచని సాంబారులో పప్పు అడుగున చేరుతుంది, పైన పసుపు నీళ్లు. ప్రతిసారీ గంటె అడుగుదాకా దించి కలపకపోతే వరసలో ముందున్న చిన్నపిల్లలకు నీళ్లు, చివరి నలుగురికి పప్పు. టమాట పోయి సొరకాయ వస్తుంది, తర్వాత వారమంతా సొరకాయే. గ్యాస్ అయిపోతే కట్టెల పొయ్యి. వానాకాలంలో తడి కట్టెలు అంటుకోక వంట ఆలస్యమవుతుంది, గంట కొట్టేటప్పటికి అన్నం ఇంకా బిరుసుగానే ఉంటుంది.

గుడ్డు సంగతి సరేసరి. మార్కెట్లో గుడ్డు ధర రోజూ మారుతుంది, చలికాలంలో ఎక్కుతుంది. మీరిచ్చే ధర మాత్రం జీవో వచ్చేదాకా కదలదు. తేడా ఎవరు కట్టాలో ఏ జీవోలోనూ లేదు కాబట్టి చాలాచోట్ల వారానికి మూడు గుడ్లు రెండవుతున్నాయి, ఒకటవుతున్నాయి.

దీనికీ చదువుకూ ఏం సంబంధమని మీ పేషీలో ఎవరైనా అడగొచ్చు. పత్తి ఏరే కాలంలో తల్లి పొద్దున ఆరింటికే కూలికి పోతుంది. పిల్ల చాయ్ తాగి, ఒక్కోసారి అదీ లేకుండా బడికొస్తుంది. ఆ రోజుకు మొదటి తిండి బడిలోనే. మొదటి పీరియడ్‌లోనే "సార్, ఇయ్యాల ఏం కూర?" అని అడిగే పిల్లవాడు అల్లరివాడు కాదు. బడిలో అన్నం బాగుంటే తమ్ముణ్ని చూసుకోవడానికి ఇంట్లో ఆగే అక్క కూడా తమ్ముణ్ని వెంటేసుకొని వస్తుంది. చారు నీళ్లయ్యాక పిల్లలు మధ్యాహ్నం ఇంటికి పోతారు. ఇంటికి తాళం. ఇక మళ్లీ బడికి రారు. పొద్దుటి హాజరు, మధ్యాహ్నం హాజరు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ నెలలో ఉద్దెర ఆగిందో చెప్పొచ్చు.

అసలు దెబ్బ ఇక్కడుంది. మీరు డబ్బిచ్చేది తిన్నవాళ్ల లెక్కకే. 22 మందిలో 14 మందే తింటే ఆ రోజు బిల్లు 94 రూపాయల 92 పైసలు. గ్యాస్ ఖర్చు మాత్రం దాదాపు అంతే. అంటే అన్నం పలచబడితే పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గితే డబ్బు తగ్గుతుంది, డబ్బు తగ్గితే అన్నం ఇంకా పలచబడుతుంది. చివరికి "ఈ బడిలో పిల్లలు లేరు" అని దాన్ని ఇంకో బడిలో కలిపేసే విలీనం జాబితా తయారవుతుంది.

2015 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన మధ్యాహ్న భోజన నియమాల్లో వరసగా మూడు రోజులు గానీ, నెలలో ఐదు రోజులు గానీ భోజనం ఆగితే బాధ్యులెవరో తేల్చాలని ఉంది. నిధులు లేకపోతే హెడ్మాస్టర్ బడిలోని ఇతర నిధులు తాత్కాలికంగా వాడుకోవచ్చనీ ఉంది. చాక్‌పీసుల డబ్బుతో నెలల తరబడి సాంబారు కాచమనడం ఆ నియమం ఉద్దేశం కాదనుకుంటాం. ఇక మన దగ్గర భోజనం ఆగదు. నీళ్ల చారుతోనైనా ఆ తల్లులు పెడుతూనే ఉంటారు, కాబట్టి ఎవరి బాధ్యతా తేలదు. ఆగితేనే తప్పు, పలచబడితే కాదు. పప్పు ఎంత పలచగా ఉందో రాసే గడి ఏ యాప్‌లోనూ లేదు. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు బడిలో మధ్యాహ్న భోజనం తిని పిల్లలు ఆస్పత్రి పాలైతే విషయం హైకోర్టు దాకా వెళ్లింది. అంతదాకా వస్తే తప్ప వంటగది గుర్తుకు రాదా?

బిల్లు ముందుగా ఇవ్వండి. బియ్యం ముందే పంపుతున్నారు కదా, పప్పు డబ్బూ అలాగే నెల మొదట్లో పంపండి. 25 మందిలోపు పిల్లలున్న బడికి తలలతో సంబంధం లేకుండా గ్యాస్‌కు, పోపు సామానుకు కనీస మొత్తం విడిగా ఖరారు చేయండి. గుడ్డు ధరను మార్కెట్‌తో పాటు మార్చండి. అన్నిటికంటే ముందు పాత బాకీ తీర్చండి. అది తీరకుండా కొత్త మెనూ మాత్రం ప్రకటించకండి, వేడుకుంటున్నాం.

ఈ లేఖకు జవాబు రాసే తీరిక లేకపోతే ఒక్క పని చేయించండి. ప్రతి బడి గోడ మీద ఏ వారం ఏం కూరో పెయింటుతో రాయించారు. దాని పక్కనే ఏ నెల బిల్లుకు ఏ టోకెన్ పడిందో, ఏ తారీఖున డబ్బు జమ అవుతుందో కూడా రాయించండి. గోడ మీద చోటుంది.

ఇట్లు,
సర్కారు బడి పిల్లల తల్లిదండ్రులు, వంట కార్మికులు