టైలరన్న వైద్యానికి వచ్చిన డబ్బు, అయిన ఖర్చు

దాతలందరికీ నమస్కారం. మన బజారు టైలరన్నకు మెదడులో లింఫోమా (తెల్లకణాల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్) అని తేలిన నాటి నుంచి నాలుగో కీమో పూర్తయ్యే వరకు కమిటీ చేతికి వచ్చిన డబ్బు, అందులో ఖర్చయినది కింద రాస్తున్నాం.

జమ:
పదో తరగతి బ్యాచ్ మిత్రులు: రూ. 2,86,500
ఊళ్ళో ఇంటింటి చందా, బజారు దుకాణాలు: రూ. 1,74,300
గల్ఫ్, అమెరికాల్లో ఉన్న మన ఊరివాళ్ళు: రూ. 2,10,000
వినాయక చవితి మిగులు: రూ. 35,000
బ్యాంకు వడ్డీ: రూ. 1,860
మొత్తం జమ: రూ. 7,07,660

ఖర్చు విషయంలో ఎక్కువమంది అడిగింది ముందు చెబుతాం. గడ్డ తీయకుండా ముక్క పరీక్షకే రూ. 1,32,000 ఎందుకయింది? ఇది కోసి తీసేస్తే పోయే గడ్డ కాదు. ఎమ్మారైలో కనబడే మచ్చ దాటి కూడా దీని కణాలు మెదడులో పాకి ఉంటాయి. పైగా అన్నకు మచ్చ మెదడు లోతట్టున ఉంది. తలకు ఫ్రేము బిగించి, పుర్రెకు చిన్న రంధ్రం వేసి, సూదితో ముక్క తీశారు. థియేటరు, మత్తు, ల్యాబు ఖర్చులన్నీ ఆ మొత్తంలోనివే. డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ రకం అని రిపోర్టు వచ్చింది. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందిది ఇదే రకం.

ఎమ్మారై, పెట్ సీటీ, కళ్ళ పరీక్ష, వెన్ను నీటి పరీక్ష, రక్త పరీక్షలకు రూ. 61,400. బిల్లుల్లో ఎమ్మారై రెండుసార్లు కనబడుతుంది. మొదట చూపించిన చోట మెదడు వాపుకని స్టెరాయిడ్ ఇచ్చారు. మాట తడబాటు తగ్గి అన్న లేచి తిరిగాడు, అందరం సంతోషించాం. కానీ లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కు కరిగిపోతాయి, అప్పుడు ముక్క తీసినా జబ్బు తేలకపోవచ్చు. మందు ఆపి, మచ్చ మళ్ళీ కనబడే దాకా ఆగాల్సి వచ్చింది. ఎవరింట్లోనైనా ఇలాంటి అనుమానం వస్తే, ముక్క పరీక్ష అయ్యే దాకా స్టెరాయిడ్ ఆపవచ్చా అని డాక్టరును తప్పక అడగండి. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఆగడానికి ఉండదు.

నాలుగు విడతల కీమోలో మందులకు రూ. 1,92,350, వార్డుకు రూ. 1,48,600, మందు మోతాదు చూసే రక్త పరీక్షలకు రూ. 38,200 అయింది. అన్నకు ఇచ్చిన కీమో మందుల్లో ముఖ్యమైన మెథోట్రెక్సేట్ ఖరీదైనది కాదు. మందుల బిల్లు పెంచింది దానితో పాటు ఇచ్చిన రిటుక్సిమాబ్, థియోటెపా. వార్డు ఖర్చుకు మాత్రం మెథోట్రెక్సేటే కారణం. మెదడుకు చేరాలంటే దాన్ని ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 3.5 గ్రాముల చొప్పున ఎక్కించాలి. అంత మోతాదు కిడ్నీలను దెబ్బతీయకుండా రాత్రీపగలూ సెలైన్, సోడా బైకార్బొనేట్ ఎక్కుతూ ఉండాలి. 24 గంటలు దాటాక విరుగుడుగా ల్యూకోవోరిన్ మొదలుపెడతారు. వదిన ప్రతిసారీ మూత్రం కొలిచి, మూత్రంలో ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ కాగితం ముంచి, 7 దాటిందో (అంటే ఆమ్లం తగ్గిందో) లేదో నోట్‌బుక్‌లో రాసేది. ఒకసారి 6.5 రాగానే నర్సును పిలిచి బైకార్బొనేట్ పెంచేలా చేసింది. ఆ పుస్తకం కూడా బిల్లులతో పాటే దాచాం.

రెండో విడత తర్వాత తెల్లకణాలు పడిపోయి జ్వరం వచ్చింది. యాంటీబయాటిక్స్, ప్లేట్‌లెట్లకు రూ. 54,700. తోడున్నవాళ్ళ బస్సు చార్జీలు, హైదరాబాద్‌లో గది అద్దె రూ. 21,900.
మొత్తం ఖర్చు: రూ. 6,49,150
నిల్వ: రూ. 58,510

ఇంత పెడితే మనిషి దక్కుతాడా అని ఇచ్చినవాళ్ళు అడగడం న్యాయమే. ఒకప్పుడు తలకు కరెంటు (రేడియేషన్) మాత్రమే పెట్టినప్పుడు ఏడాది అటూఇటూగా బతికేవారు. 2016లో వెలువడిన యూరప్ పరిశోధనలో మెథోట్రెక్సేట్, సైటరాబిన్‌లకు రిటుక్సిమాబ్, థియోటెపా కలిపితే నూటికి 49 మందికి జబ్బు పూర్తిగా కనబడకుండా పోయింది. మొదటి రెండు మందులే ఇచ్చినవాళ్ళలో అది 23. ఏడేళ్ళ తర్వాత చూస్తే నాలుగు మందులవాళ్ళలో నూటికి 56 మంది, రెండు మందులవాళ్ళలో 21 మంది బతికి ఉన్నారు. అన్నకు ఇచ్చింది ఆ నాలుగు మందులే.

ఎవరు గట్టెక్కుతారో అంచనా వేయడానికి డాక్టర్లు అయిదు సంగతులు చూస్తారు: వయసు 60 దాటిందా, తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా, రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పెరిగిందా, వెన్ను నీటిలో ప్రొటీన్ పెరిగిందా, మచ్చ లోతుగా ఉందా. అన్నకు చివరి రెండూ ఉన్నాయి. వయసు 52, ఎల్‌డీహెచ్ మామూలుగానే ఉంది, తన పనులు తానే చేసుకుంటున్నాడు. ఆ శక్తి తగ్గకముందే కీమో మొదలవ్వాలనే చందాకు అంత తొందరపెట్టాం. అప్పుడు విసుక్కోకుండా ఇచ్చినవాళ్ళకు ఎంతో రుణపడి ఉన్నాం.

నాలుగో విడత తర్వాత తీసిన ఎమ్మారైలో మచ్చ లేదు. కానీ ఇక్కడితో ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. తల మొత్తానికి కరెంటు పెట్టే దారి ఉంది గానీ, దానివల్ల తర్వాత జ్ఞాపకశక్తి, నడక దెబ్బతినవచ్చు. అందుకని అన్న మూలకణాలే తీసి దాచి, గట్టి కీమో ఇచ్చి తిరిగి ఎక్కించే పద్ధతి మేలని డాక్టర్లు అన్నారు. ఆసుపత్రి చెప్పిన అంచనా రూ. 7 లక్షలు. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టాం, ఇంకా మంజూరు కాలేదు. నిల్వ డబ్బు దీనికి తప్ప వేరే దేనికీ తీయకూడదని కమిటీ తీర్మానించింది. ఖాతా నుంచి తీయాలంటే ముగ్గురి సంతకాలు కావాలి.

దాతల పేర్లు, మొత్తాలు పంచాయతీ ఆఫీసు బోర్డుకు అంటించాం. పేరు వద్దన్నవాళ్ళ వరుసలో రసీదు నంబరు మాత్రమే ఉంటుంది. అసలు బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.